నీలి చీటీ అంటించిన ప్రతి కవరూ విమానమెక్కలేదు

స్టాంపుల గ్రూపుల్లో ఈమధ్య ఒకటే వరస. పాత కవరు మీద నీలిరంగు 'బై ఎయిర్ మెయిల్' చీటీ కనిపిస్తే చాలు, "అరుదైన ఫ్లోన్ కవర్, బ్రిటిష్ కాలం, బేరాల్లేవు" అని పెట్టేస్తున్నారు. ('ఫ్లోన్' అంటే విమానంలో ఎగిరి వెళ్లినదని.) కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు. ఏ విమానంలో వెళ్లింది, ఏ తేదీన, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా గాల్లో ఉంది అని ఎవరైనా అడిగితే మాత్రం అమ్మేవాడికి కోపం. ఆ చీటీ పంపినవాడి కోరికను మాత్రమే చెబుతుంది. కోరిక తీరిందో లేదో చెప్పాల్సింది ముద్రలు, తేదీలు, కట్టిన అణాలు. ఈ మూడూ చదవకుండా ఎయిర్‌మెయిల్ కవర్లు కొనేవాళ్లు డబ్బు పెట్టి కాగితం కొంటున్నారు, అంతే.

అలహాబాద్‌తో మొదలుపెడదాం, ఎక్కువ మోసం అక్కడే. 1911 ఫిబ్రవరి 18న అక్కడి పారిశ్రామిక ప్రదర్శన మైదానం నుంచి ఆన్రీ పెకె అనే ఫ్రెంచి పైలట్ హంబర్-సోమర్ విమానంలో యమున దాటి నైనీ దాకా సుమారు 6,500 ఉత్తరాలు, కార్డులు తీసుకెళ్లాడు. పట్టుమని పది కిలోమీటర్ల దూరం. ఏర్పాట్లు చేసింది కెప్టెన్ వాల్టర్ విండమ్. దీన్ని 'ప్రపంచంలోనే తొలి ఎయిర్‌మెయిల్' అని గుడ్డిగా రాసుకుంటూ పోతారు. 1870-71లో ప్యారిస్ ముట్టడిలో ఉన్నప్పుడే బెలూన్లలో ఉత్తరాలు వెళ్లాయి. 'విమానంలో వెళ్లిన తొలి అధికారిక తపాలా' అనండి, ఎవరూ కాదనరు.

ఆ కవరు మీద గుండ్రటి పెద్ద ముద్ర ఉంటుంది: కొండల మీద విమానం, చుట్టూ 'ఫస్ట్ ఏరియల్ పోస్ట్' అక్షరాలు. దాదాపు అన్నీ మెజెంటా సిరాలోనే, నల్లవి చాలా తక్కువ. అరుదు అంటే ధర, ధర అంటే దొంగ ముద్ర. 1961లో స్వర్ణోత్సవానికి మన తపాలా శాఖ వేసిన స్టాంపుల మీదే ఆ ముద్ర బొమ్మ ఉంది కాబట్టి నకలు తీయాలనుకునేవాడికి నమూనా కోసం వెతికే పని కూడా లేదు. ముద్ర అచ్చం అలాగే ఉందని మురిసిపోకుండా దాని కింద ఉన్న స్టాంపు చూడండి. 1911 ఫిబ్రవరిలో మన దగ్గర వాడుకలో ఉన్నవి ఎడ్వర్డ్ రాజు బొమ్మవి. అయిదో జార్జి బొమ్మ స్టాంపులు ఆ ఏడాది చివర్లో గానీ రాలేదు. కాబట్టి జార్జి స్టాంపు మీద ఆ ముద్ర ఉంటే ఇక భూతద్దం దాకా వెళ్లక్కర్లేదు. రెండోది, ఉత్తరానికి ఆరణాల ప్రత్యేక రుసుము ఉండేది. అది అక్కడి హోలీ ట్రినిటీ చర్చి హాస్టల్‌కు విరాళంగా వెళ్లింది, స్టాంపుల రూపంలో కవరెక్కలేదు. కవరు మీద కనిపించేది మామూలు తపాలా ఖర్చే: అర్ధణా, అణా లాంటివి. "ఆరణాల స్టాంపు ఉంది చూడండి, అదే రుజువు" అని ఎవరైనా అంటే ఆ రుజువు ఎదురు తిరుగుతుందన్నమాట.

ఈ తేదీల లెక్క ఒక్కటి పట్టుబడితే సగం నకిలీలు ఇంట్లో కూర్చునే తేల్చొచ్చు. బ్రిటిష్ విమాన సంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్-కరాచీ వారపు సర్వీసు 1929 మార్చి 30న లండన్‌లో బయల్దేరింది, తిరుగు టపా ఏప్రిల్ 7న కరాచీ నుంచి. మన తొలి ఎయిర్‌మెయిల్ స్టాంపులు (డీహెచ్ 66 హెర్క్యులిస్ విమానం, పక్కన జార్జి తల, 2, 3, 4, 6, 8, 12 అణాలు, నాసిక్ ముద్రణ) వచ్చింది 1929 అక్టోబర్ 22న. అంటే ఏప్రిల్ నాటి తొలి టపా కవరు మీద ఉండాల్సింది మామూలు జార్జి స్టాంపులే. విమానం బొమ్మ స్టాంపు, 7 ఏప్రిల్ ముద్ర కలిసి కనిపిస్తే ఎవరో తెలివి ఎక్కువై అందంగా తయారుచేసిందని అర్థం.

పనిలో పని, 'ఈ ఆరు స్టాంపులు బ్రిటిష్ సామ్రాజ్యంలోనే మొదటి ఎయిర్‌మెయిల్ స్టాంపులు' అనే వాక్యాన్ని ఇకనైనా వదిలేయండి. న్యూఫౌండ్‌లాండ్ 1919లోనే ఓవర్‌ప్రింట్ (ఉన్న స్టాంపు మీదే అదనపు అక్షరాలు అచ్చేసినది) వేసింది. కెనడా 1928లో, ఆస్ట్రేలియా 1929 మేలో వేశాయి. మనది మంచి సెట్టు, అబద్ధం అతికించక్కర్లేదు. అందులో బొమ్మలోని చెట్టుకు కొన అచ్చుపడని రకం ఒకటుంది, దానికి గిరాకీ ఉంది. కానీ అది షీట్‌లో ఒక నిర్ణీత స్థానంలో వచ్చే లోపం. సిరా పలచగా పడి చెట్టు మసకబారిన ప్రతిదీ ఆ రకం కాదు.

ఇప్పుడు అసలు విషయం: ఎగిరిందని ఎలా తెలుస్తుంది? కవరు ముందు పోస్టు చేసిన ముద్ర తేదీ, వెనక చేరిన ముద్ర తేదీ రాసుకోండి. మధ్య రోజులు లెక్కపెట్టండి. 1929లో కరాచీ నుంచి లండన్ విమాన టపాకు వారం. బొంబాయి నుంచి ఓడలో రెండు వారాల పైమాటే. మద్రాసులో పోస్టు చేసి లండన్‌లో పద్దెనిమిదో రోజున చేరిన కవరు మీద ఎన్ని నీలి చీటీలున్నా అది ఓడెక్కిందనే అనుమానించాలి. అలాగని మద్రాసు ముద్రకూ కరాచీ విమానానికీ మధ్య నాలుగైదు రోజులుంటే కంగారుపడకండి. 1932 అక్టోబర్ దాకా మద్రాసు ఉత్తరం కరాచీకి రైల్లోనే వెళ్లేది, గాల్లోకి లేచేది అక్కడే. ఇంకో తమాషా ఏమిటంటే ఆ తొలి లండన్-కరాచీ టపా కూడా పూర్తిగా విమానంలో రాలేదు. బాసెల్ నుంచి జెనోవా దాకా రైలు, అక్కడి నుంచి అలెగ్జాండ్రియాకు సీప్లేన్, ఆపైన హెర్క్యులిస్. 'ఫ్లోన్' అనే మాట వాడేటప్పుడు ఏ మజిలీ నుంచి ఏ మజిలీ దాకా అన్నది రాయకపోతే ఆ మాటకు విలువ లేదు.

ఎయిర్‌మెయిల్ చీటీ మీద ఎర్రగానో ఊదాగానో రెండు అడ్డగీతలు కొట్టి ఉంటే "పాడైంది" అని ధర తగ్గించి అడుగుతారు. అమ్మేవాళ్లు కూడా సిగ్గుపడుతూ ఇచ్చేస్తారు. ఆ గీతలు తపాలా సిబ్బంది కొట్టినవి. విమాన ప్రయాణం ఇక్కడితో అయిపోయింది, ఇక మామూలు దారిలో పంపండి అని చెప్పడానికి. కవరు మీద ఉండగల మంచి సాక్ష్యాల్లో అదొకటి.

1932 అక్టోబర్ 15 కవర్ల సంగతి వేరు. జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహుకు పుస్ మాత్ విమానం నడిపాడు, అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు. మొత్తం టపా 55 పౌండ్లు, అంటే పాతిక కిలోలు. అందరూ కరాచీ-బొంబాయి కవరు కోసమే ఎగబడతారు. మనవాళ్లు చూడాల్సింది బళ్లారి. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలో, దత్తమండలాల్లో ఉంది. ఆ వారం బళ్లారి ముద్ర, దాని వెంటే అనంతపురమో కర్నూలో చేరిన ముద్ర ఉన్న కవరు కనబడితే చిరిగిందా నలిగిందా అని చూడకండి. 1982లో జేఆర్‌డీ అదే ప్రయాణం మళ్లీ చేసినప్పుడు తయారైన కవర్లూ మార్కెట్లో ఉన్నాయి. ఫోటోలో ఏడాది మీద బొటనవేలు పెట్టి చూపించేవాళ్లు వాటితోనే బతుకుతున్నారు.

హైదరాబాద్ కవర్ల విషయంలో ఇంకో మెలిక. నిజాం స్టాంపులు సంస్థానం లోపలే చెల్లేవి. బయటి ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి, అది సికింద్రాబాద్ లాంటి బ్రిటిష్ తపాలా కార్యాలయాల ద్వారానే వెళ్లాలి. నిజాం స్టాంపు ఒక్కటే అంటించి లండన్ ఎగిరిందని చెప్పే కవరుకు డబ్బు ఇవ్వకండి.

పరికరాలకు పెద్ద ఖర్చేమీ లేదు. పదింతలు పెద్దదిగా చూపే అద్దం, 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చి, చీకటి గది. కాగితం తెల్లగా మెరవడానికి కలిపే రసాయనాలు 1950 ప్రాంతం నుంచే వాడుకలోకి వచ్చాయి. 1911దో 1932దో అన్న కవరు టార్చి కింద నీలంగా మిలమిలలాడితే కాగితం కొత్తది. (చీటీ ఒక్కటే మెరిస్తే అది తర్వాత అంటించింది.) అద్దం కింద ముద్ర అంచు చూడండి. రబ్బరు ముద్ర సిరా కాగితం పోగుల్లోకి ఇంకుతుంది. ఇంక్‌జెట్ ముద్ర అయితే రంగురంగుల సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ముద్ర స్టాంపు మీద నుంచి కవరు మీదికి ఒకే గీతగా సాగాలి. స్టాంపు అంచు దగ్గర తెగినా, రెండు ముక్కలూ ఒకే వరుసలో లేకపోయినా స్టాంపు వేరే చోటి నుంచి వచ్చింది.

ప్రమాదాల్లో దొరికిన కవర్లది మరీ ఘోరం. 1935 డిసెంబర్ 31న 'సిటీ ఆఫ్ ఖార్టూమ్' అనే విమానం అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో కూలింది, టపా కొంత పైకి తీశారు. ఉప్పునీళ్లలో జిగురు కరిగి స్టాంపులు ఊడిపోయాయి. స్టాంపు లేకపోవడమే ఆ కవరు లక్షణం. దాన్ని "బాగు చేసి" అదే కాలం స్టాంపులు అంటించి అమ్మేవాళ్లున్నారు. చెడగొట్టడమే కాదు, కొనేవాడిని మోసం చేయడం కూడా.

ఇళ్లల్లో జరిగే నాశనం దీనికి తీసిపోదు. తాతల కాగితాల్లో దొరికిన కవరు నుంచి స్టాంపు ముక్క కత్తిరించి నీళ్లలో నానబెట్టడం ఆపండి. 1929 సెట్టు వాడినవి విడిగా చవగ్గానే దొరుకుతాయి. సరైన తేదీ, సరైన రుసుము, దారి ముద్రలతో కవరు మీద ఉన్నదానికే విలువ. ల్యామినేషన్ వద్దు, సెల్లోటేప్ వద్దు, ఇస్త్రీ వద్దు. గుండుసూది, పిన్ను ఉంటే జాగ్రత్తగా తీసేయండి, తుప్పు కాగితంలోకి దిగుతుంది. మెత్తటి పీవీసీ కవర్లలో పెడితే అందులోని నూనె స్టాంపు రంగును లాగేస్తుంది. పాలిస్టర్ తొడుగులు కొనండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల వానాకాలం గాలి తేమకు గోధుమరంగు మచ్చలు తప్పవు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేసి, అది రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వేయాలి. కవరు మీద పెన్నుతో కొన్న ధర రాసుకోకండి, వేరే చీటీ మీద రాసి వెనక పెట్టండి.

1949 ఏప్రిల్ 1 నుంచి దేశంలోపలి ఉత్తరాలు అదనపు రుసుము లేకుండానే విమానంలో వెళ్లడం మొదలైంది. ఆ తర్వాతి దేశీయ కవరును 'ఫ్లోన్' అని ధర పెంచి అమ్మడంలో అర్థం లేదు.

అమ్మేవాళ్లకు ఒకే మాట: కవరు రెండు వైపులా, నీడ పడకుండా స్కాన్ పెట్టండి. వెనక వైపు చూపించని పోస్టు కింద "ధర ఎంత అన్నా" అని అడిగేవాళ్లు ముందు "వెనక చూపించన్నా" అని అడగండి.