సోమవారం కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం మూసి ఉంటుందని చెప్పేవాళ్లేరీ?

వైజాగ్ బీచ్ రోడ్డును ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకోని బాపతు నేను. అయినా ఇది రాయక తప్పట్లేదు. మన బీచ్‌లో చూడ్డానికి కొదవ లేదు, చెప్పే దిక్కే లేదు.

మొన్న మా పిన్ని, బాబాయి పిల్లల్ని వెంటేసుకుని ఒంగోలు నుంచి వచ్చారు. నాకు డ్యూటీ ఉండి వెళ్లలేకపోయాను. దారిలో సమాచార కేంద్రం కనిపిస్తే బాబాయి లోపలికెళ్లి "సబ్‌మెరైన్ ఎన్నింటికి తెరుస్తారు బాబూ?" అని అడిగాడు. "అరకు ప్యాకేజీ కావాలా సార్? బొర్రా గుహలు కూడా కలిపి, భోజనంతో" అన్నాట్ట కౌంటర్‌లో అబ్బాయి. మళ్లీ అడిగితే "అక్కడ బోర్డుంటుంది సార్, చూసుకోండి." మండుటెండలో పిల్లల్ని నడిపించుకుంటూ వెళ్తే బోర్డు నిజంగానే ఉంది, సోమవారం సెలవు అని. ఆ రోజు సోమవారమే. ఫోన్‌లో బాబాయి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతనికి అప్పజెప్పిన పని టికెట్లు అమ్మడం. టికెట్ల కొట్టుకు సమాచార కేంద్రమని పేరు పెట్టినవాళ్లను అనాలి.

పోనీ, అక్కడ చెప్పడానికేం లేదా అంటే బోలెడుంది. కురుసుర 1969లో సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో మన నేవీలో చేరింది. 2001లో రిటైరైంది. ఆ మరుసటేడు నుంచి ఇసుక మీద మ్యూజియంగా ఉంది. తొంభై మీటర్ల పైచిలుకు పొడవున్నా లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సిందే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది ముందే చెప్పాలా వద్దా? టికెట్ కొని లోపలికెళ్లాక, వెనకాల లైన్ నెడుతుంటే తెలుస్తుంది. లోపల వివరాలు చెప్పే రిటైర్డ్ నేవీ ఉద్యోగులు మాత్రం బంగారం. టార్పెడోలు ఎక్కడ పెట్టేవారో, వాటి పక్కనే మనుషులు ఎలా పడుకునేవారో చూపిస్తుంటే అల్లరి పిల్లలు కూడా నోరు తెరుచుకుని వింటారు. ఆ ఓపికలో పావు వంతు కౌంటర్‌లో ఉంటే చాలు.

రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది, అదీ మ్యూజియమే. కాస్త ముందుకెళ్తే 1971 యుద్ధ స్మారకం. దాని ముందు సెల్ఫీలు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసు, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఇదే తీరం దగ్గర మునిగిందని? డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియం సంగతి సరే సరి, ఊళ్లోవాళ్లే వెళ్లరు.

ఇవన్నీ తెలియకపోతే ఓ పూట వృథా అవుతుంది, అంతే. సముద్రం సంగతి అలా కాదు. ఆర్కే బీచ్‌లో అలలు ఒకచోట విరుగుతాయి, పక్కనే కొంచెం మేర నీళ్లు నెమ్మదిగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి కూడా చాలాసార్లు అదే. కాళ్ల కింద ఇసుక జారిపోతుంది, మనిషిని లోపలికి లాగేస్తుంది. ఎదురీదితే ఓపిక అయిపోవడం తప్ప ఒడ్డు రాదు. పక్కకి, ఒడ్డు వెంబడి ఈదితే బయటపడొచ్చు. సెలవుల్లో ఎక్కడెక్కడి నుంచో కాలేజీ పిల్లలు వస్తారు. వాళ్లకు ఈ నాలుగు మాటలూ ఎవరు చెప్తున్నారు? లైఫ్‌గార్డు కుర్రాళ్లు విజిల్ ఊది ఊది అలిసిపోవడమే తప్ప వినేవాడు లేడు. మురీ మిక్స్చర్ బండి ఆయన మాత్రం "అటెళ్లకండి బాబూ, లాగేస్తాది" అని అరుస్తుంటాడు. జీతం లేని సమాచార కేంద్రం ఆయనే.

ఎత్తయిన అలల హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. పొద్దున్నే ఆ హెచ్చరిక చూసి ఓ కాగితం మీద రాసి అద్దానికి అంటించడానికి ఎంతసేపు పడుతుంది? దాని కిందే ఇవాళ ఏవి మూసి ఉన్నాయో, ఎక్కడ మెట్లెక్కాలో, బాత్రూమ్‌లు ఎక్కడున్నాయో కూడా రాయండి. తెలుగులో, పెద్దక్షరాల్లో. చలికాలంలో బీచ్ నిండా బెంగాలీవాళ్లే కాబట్టి వాళ్ల భాషలోనూ ఒక ముక్క. అరకు బ్రోచర్లు పక్కనే పెట్టుకోండి, ఎవరూ వద్దనరు. లామినేషన్ ఖర్చు కావాలంటే నేనిస్తా.