కుట్టుమిషన్లు వచ్చిన దారినే వెళ్లిపోతే?

వరంగల్ జిల్లా గీసుకొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరులో శంకుస్థాపన చేసినప్పుడు చెప్పిన మాట అందరికీ గుర్తే. సూరత్‌కు, భివండీకి వలసపోయిన మన నేతన్నలు సొంతూరికి తిరిగొస్తారన్నారు. ఇప్పుడక్కడ షెడ్లు లేచాయి, సంతోషమే. కానీ ఈ కంపెనీలు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. బట్టల కంపెనీ కైటెక్స్ 2021లో కేరళ ప్రభుత్వంతో పొసగక మనవైపు చూసింది. కొరియా కంపెనీ యంగ్‌వన్‌కు బంగ్లాదేశ్‌లో, వియత్నాంలో ఫ్యాక్టరీలున్నాయి. కూలి, కరెంటు, పన్నుల లెక్క ఎక్కడ కలిసొస్తే బట్టల పరిశ్రమ అక్కడికి పోతుంది. రేపు అదే లెక్క ఇంకో దేశంలో కలిసొస్తే ఈ షెడ్లలో కుట్టే మన ఆడపిల్లల సంగతేంటి? ఆ రోజు అందాల్సిన సాయాన్ని ఇప్పుడే, కంపెనీలు వస్తున్నప్పుడే రాసిపెట్టుకోవాలి.

మిల్లు మూతపడితే ఏమవుతుందో వరంగల్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడింది. ఆ నేల మీద ఇప్పుడు 'ఓ సిటీ' అనే పేరుతో ఇళ్ల కాలనీ ఉంది. రేయాన్ దారానికి కావాల్సిన కలప గుజ్జు తయారుచేసే కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీలో 2014లో ఉత్పత్తి ఆగింది. విదేశీ గుజ్జు చవగ్గా దొరకడం అందుకు ఒక కారణం. అదే ఏడాది మూతపడ్డ సిర్పూర్ పేపర్ మిల్లు మళ్లీ తెరుచుకోవడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నాలుగేళ్లు కాగజ్‌నగర్‌లో ఇళ్లు ఎలా గడిచాయో అక్కడివాళ్లనే అడగాలి.

ఇలా పని పోయినవాళ్లను ఆదుకోవడం అమెరికా 1962లోనే మొదలుపెట్టింది. విదేశీ సరుకు వల్ల పని పోయినవాళ్లకు శిక్షణ, శిక్షణ కాలంలో భృతి, వేరే ఊళ్లో ఉద్యోగం దొరికితే సామాను తరలించే ఖర్చు ఇచ్చింది. 1974లో దాన్ని ఇంకా పెంచింది. అయితే దానికో మెలిక పెట్టారు. తమ పని పోయింది విదేశీ పోటీవల్లో, ఉత్పత్తి విదేశాలకు తరలిపోవడంవల్లో అని కార్మిక శాఖకు దరఖాస్తు పెట్టి తేల్చుకోవాలి. ఒకే వీధిలో ఇద్దరికి పని పోతే, కారణం తేలినవాడికి సాయం, తేలనివాడికి మొండిచెయ్యి. చివరికి అక్కడి పార్లమెంటు ఆ పథకాన్ని పొడిగించకపోవడంతో 2022 జూలై నుంచి కొత్త దరఖాస్తులకు ఆమోదం ఆగిపోయింది. మనం నేర్చుకోవాల్సింది ఇదే: ఫ్యాక్టరీ ఎందుకు పోయిందన్న ప్రశ్న కార్మికుడి నెత్తిన పెట్టొద్దు. పని పోతే చాలు, సాయం అందాలి.

మన దగ్గరేముంది? 1992లో కేంద్రం జాతీయ పునరుద్ధరణ నిధి పెట్టింది. శిక్షణ కోసమన్న ఆ డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వ సంస్థల వీఆర్‌ఎస్‌లకే (స్వచ్ఛంద పదవీ విరమణలకే) పోయింది. ఈఎస్ఐ కింద పని పోయినవాళ్లకు భృతి ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ పథకం ఉంది, సగటు రోజు కూలిలో సగం, 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారే. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక చట్టాల్లో రీస్కిల్లింగ్ ఫండ్ (కొత్త పని నేర్చుకోవడానికి నిధి) ఉంది. తీసేసిన కార్మికుడి కోసం యజమాని 15 రోజుల వేతనం అందులో జమచేస్తే, 45 రోజుల్లో అది అతని ఖాతాలో పడాలి. పదిహేను రోజుల జీతంతో ఏ పని నేర్చుకుంటారు? పైగా గడువు పెట్టి తీసుకున్న కార్మికుల ఒప్పందం గడువు తీరి ముగిస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ (పనిలోంచి తీసేయడం) కింద లెక్కే వేయరు. ఆ 15 రోజులు కూడా వాళ్లకు రావు.

గార్మెంట్ ఫ్యాక్టరీలో చేసిన ఒకమ్మాయి నాతో అన్న మాట ఇప్పటికీ వెంటాడుతోంది. ఆమె లైన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చొక్కాకు ఎడమ చెయ్యి అతికించడమే పని. ముక్క వస్తుంది, సూది కింద తిప్పుతుంది, పక్క మిషన్‌కు పోతుంది. రెండేళ్లు అదే పని. "ఇంటికాడ జాకెట్ కుట్టమంటే నాకు రాదన్నా" అంది. టైలర్ దగ్గర ఆర్నెల్లు కూర్చున్న పిల్లకు కటింగ్ వస్తుంది, కొలతలు తెలుస్తాయి. ఈమెకు వచ్చింది ఒక్క కుట్టు. ఫ్యాక్టరీ పోతే ఆ కుట్టు ఎవరికీ అక్కర్లేదు. అందుకే భృతితోపాటు కనీసం ఆర్నెల్ల శిక్షణ కావాలంటున్నాను.

ఇంకా పూర్తిగా నిండని పార్కులో మూసివేత మాటెత్తితే పెట్టుబడి పారిపోతుందని కొందరంటారు. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ యంగ్‌వన్ సొంత దేశం కొరియాలో 1995 నుంచి ఉద్యోగ బీమా ఉంది, వియత్నాంలో 2009 నుంచి నిరుద్యోగ బీమా ఉంది. అక్కడ లేని భయం గీసుకొండలో ఎందుకు?

అసలు చిక్కు డబ్బు దగ్గర లేదు, కాగితం దగ్గర ఉంది. మా వీధిలో ఒక పెద్దాయన స్పిన్నింగ్ మిల్లులో ఇరవై రెండేళ్లు చేశాడు. మిల్లు మూతపడ్డాక సెటిల్‌మెంట్ కోసం తిరిగి తిరిగి, చివరికి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా కుదిరాడు. ఆయన దగ్గర మిగిలింది గేటు దగ్గర చూపించే ఇత్తడి బిళ్ళ. దాని మీద నెంబరుంది, పేరు లేదు. కాంట్రాక్టర్ కింద చేశాడు కాబట్టి మిల్లు రికార్డుల్లో ఆయనే లేడు. ఇవాళ బీడీల దగ్గర్నుంచి సింగరేణి కాంట్రాక్టు పనుల దాకా ఉత్తర తెలంగాణలో ఎంతమంది చేతిలో నియామక పత్రం ఉందో లెక్క తియ్యండి. పత్రం లేనివాడికి ఏ నిధి పెట్టినా అందదు. ప్రతి కార్మికుడికీ అది ఇవ్వాలని ఆ కొత్త చట్టాలే చెబుతున్నాయి. కార్మిక శాఖ ముందు ఆ ఒక్కటైనా పార్కు గేటు దగ్గర నిలబడి అమలు చేయించాలి.

కంపెనీకి భూమి రాయితీ ఎంతో, కరెంటు సబ్సిడీ ఎన్నేళ్లో ఒప్పందంలో అక్షరాలా రాస్తున్నారు. ఆ కాగితంలోనే ఇంకో పేజీ చేర్చాలి. తీసుకున్న రాయితీలో కొంత భాగం కార్మిక నిధికి జమ కావాలి. గడువు ఒప్పందం మీద ఉన్నవాళ్లకూ, కాంట్రాక్టు వాళ్లకూ అది వర్తించాలి. ఆర్నెల్ల భృతి, ఆర్నెల్ల శిక్షణ. పార్కులో ఇంకా ఖాళీ ప్లాట్లున్నాయి, వాటి కేటాయింపు నుంచే మొదలుపెట్టొచ్చు.