సర్వే నంబరు లేని సముద్రం

బ్రిటన్ తీరంలో రెండు నల్ల పక్షులు కాగితం ముక్క లేకుండా ఒకే సముద్రాన్ని అనుభవిస్తున్నాయి. ఒకటి పెద్ద నీటికాకి. మన చెరువుల్లో, జలాశయాల్లో కనిపించేదీ ఆ జాతే. రెండోది దాని దాయాది, షాగ్. అది మన వైపు రాదు గనుక దానికి పేరు పెట్టే శ్రమ మనం తీసుకోలేదు. రెండూ కాళ్లతో తెడ్డేసుకుంటూ మునిగి చేప పట్టేవే, రెండూ పైకొచ్చి రాతి మీద రెక్కలు ఆరేసుకునేవే. ఈమధ్య శాస్త్రజ్ఞులు షాగ్‌కి ఇంటిపేరు కూడా మార్చి ‘గులోసస్’ అని రాశారు. లాటిన్‌లో తిండిపోతు అని అర్థం. ఇంత పరువునష్టం జరిగినా దావా లేదు. గట్టు జానెడు జరిగితే ముత్తాత వేసిన కేసుని మునిమనవడు నడిపే దేశం నుంచి చూస్తే ఇది ఆందోళన కలిగించే పరిణామం.

పంపకం జరిగిపోయిందని గట్టిగా చెప్పినవాడు బ్రిటిష్ పక్షిశాస్త్రజ్ఞుడు డేవిడ్ లాక్, 1945లో. లెక్కలు మాత్రం ఆయనవి కావు. కార్న్‌వాల్ తీరపు పక్షుల కడుపులు కోసి జి.ఎ. స్టీవెన్ 1933లో అచ్చువేసినవి. షాగ్ తిన్నవాటిలో 49 శాతం హెర్రింగ్ కుటుంబం (మన కవళ్ల చుట్టాలే), 33 శాతం శాండ్ ఈల్ అనే సన్నటి చేప. నీటికాకి పద్దులో మొదటిది 1 శాతం, రెండోది సున్నా. దాని వాటా వేరు: రొయ్యలు 33 శాతం, ఇసుకకి అతుక్కుని పడుకునే బల్లపరుపు చేపలు 26 శాతం. షాగ్‌కి ఇవి వరసగా 2, 1. ఉమ్మడి ఆస్తి అనదగ్గది రాస్ చేపలు, అదీ ఒకరికి 7, ఇంకొకరికి 5. స్టాంపు పేపరు మీద, పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న పంపకాలు కూడా ఇంత శుభ్రంగా ఉండవు.

నివాసాల విషయంలోనూ అంతే. నీటికాకికి కొండచరియ పైన విశాలమైన చదును కావాలి. షాగ్‌కి అడుగు పెడితే జారే సన్నటి అంచు, లేదా గుహ. వేటకి నీటికాకి నదీముఖాలు, రేవులు, లోతులేని బురదనీళ్లు చూసుకుంటుంది. షాగ్ బయటి సముద్రం వైపు పోతుంది. పడవలో కూర్చున్న జాలరికి ఇవేవీ పట్టవు. నల్లగా ఉంది, మునిగింది, కాబట్టి నా చేపే తింది. ఇద్దరిదీ ఒకే ఛార్జిషీటు.

సాక్ష్యం సేకరించే పద్ధతి గురించి కూడా సభవారు తెలుసుకోవాలి. ఇప్పుడు కడుపులు కోయరు. ఈ పక్షులు దాదాపు రోజుకొకటి చొప్పున జిగురు పొర చుట్టిన ముద్దని కక్కుతాయి. అందులో ఎముకలు, ముళ్లు, ఓటోలిత్‌లనే చెవిరాళ్లు ఉంటాయి. ఆ ముద్దల్ని ఏరుకొచ్చి, ఎంజైములున్న బట్టల సబ్బుపొడి కలిపిన గోరువెచ్చని నీళ్లలో ఒక రోజు నానేసి, సన్నజల్లెడలో కడిగి, మిగిలిన రాళ్లని మైక్రోస్కోపు కింద కొలుస్తారు. రాయి ఆకారం చూసి చేప జాతి, రాయి పొడవు చూసి చేప పొడవు. శాండ్ ఈల్ రాయి రెండు మూడు మిల్లీమీటర్లకి మించదు, కడుపులోని ఆమ్లానికి సగం అరిగిపోతుంది. అరిగినదాన్ని అలాగే కొలిస్తే పెద్ద చేప కాస్తా పిల్ల చేప అవుతుంది. పూర్తిగా కరిగిపోయిందా, ఆ భోజనం జరగనట్టే. రొయ్యకి చెవిరాయే ఉండదు, కాబట్టి రాళ్లు మాత్రమే లెక్కపెట్టినవాడి పద్దులో రొయ్యల ఖాతా ఎగిరిపోతుంది. దీనికి పైమెట్టు ఇంకోటుంది: పక్షి కాడ్ అనే చేపని మింగితే, ఆ కాడ్ అంతకుముందు మింగిన చిన్నచేప రాయి కూడా పక్షి ఖాతాలోనే పడుతుంది. దొంగ దొంగిలించిన సొమ్మునే ఇంకో దొంగ కాజేసినప్పుడు రెండు నేరాలూ రెండోవాడి మీదే రాయడం మన స్టేషన్లకి కొత్త కాదు గనుక దీన్ని దోషంగా ఎంచలేం.

స్కాట్లాండ్ దగ్గర ఐల్ ఆఫ్ మే దీవిలో షాగ్‌ల వీపున చిన్న కెమెరాలు అంటించి చూశారు. బయటి సముద్రం వాటా పుచ్చుకున్న ఈ పెద్దమనిషి సరాసరి అడుగుకి దిగి ఇసుకని ముక్కుతో కెలుకుతున్నాడు. కారణం ఉంది: శాండ్ ఈల్ ఇసుకలో దూరి దాక్కునే రకం. ఇసుక నేల మీద గుంపుగా కెలుకుతాడు, రాతి నేల మీద ఒంటరిగా వెతుక్కుని బటర్‌ఫిష్ పట్టుకుంటాడు. అంటే 1945 నాటి సరిహద్దు పటం మనం అనుకున్నంత తిన్నగా లేదు.

ఇక్కడే సిద్ధాంతకర్తల చాకచక్యానికి చేతులు జోడించాలి. దాయాదులిద్దరూ వేర్వేరు చేపలు తింటే: పోటీ పడి పంచుకున్నారు, చూశారా! ఒకటే చేప తింటే: అది పుష్కలంగా ఉంది, పంచుకునే అవసరం రాలేదు. ఇప్పుడు పోటీ కనబడటం లేదంటే: ఎప్పుడో పోటీపడి ఉంటారు. ఈ మూడో వాదానికి జీవావరణ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ కొన్నెల్ 1980లో ‘గతకాలపు పోటీ దెయ్యం’ అని ఎగతాళిగా పేరుపెట్టాడు. ఎటు తీర్పొచ్చినా గెలిచే వకీలు ఎక్కడైనా ఉన్నాడంటే ఈ శాస్త్రంలోనే.

ఇక సామరస్యం అని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లకి ఒక మనవి. ఎవరూ ఎవరికీ ఏమీ వదలలేదు. ఎవరి ఒంటికి ఎక్కడ కిట్టుబాటైతే అక్కడ మునుగుతున్నారు, అంతే. దక్షిణ అట్లాంటిక్‌లో ఉన్న దక్షిణ జార్జియా దీవిలోని రెండు రకాల పెద్ద సముద్రపక్షుల్ని, ఆల్బట్రాస్‌లనే చూడండి. నల్లకనుబొమల రకం తిండిలో క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవుల పాలు ఎక్కువ, బూడిదతల రకానికి స్క్విడ్ ఎక్కువ. మొదటి దాని పిల్ల దాదాపు 116 రోజుల్లో గూడు వదులుతుంది, రెండో దాని పిల్లకి 141 రోజులు. పెంచి పెద్దచేశాక బూడిదతల దంపతులు మరుసటి ఏడాది గుడ్డే పెట్టరు. ఏడాది విరామంతో తేలే పంపకాన్ని సామరస్యం అంటే వాళ్లే ఒప్పుకోరు.

పైగా ఏర్పాటంతా ఆ సన్నచేప శాండ్ ఈల్ ఉన్నంతవరకే. డెన్మార్క్ ట్రాలర్లు దాన్ని పట్టుకెళ్లి పిండి, నూనె చేస్తాయి. తూర్పు స్కాట్లాండ్ తీరంలో పక్షుల పిల్లలు బతకడం లేదని 2000లో ఆ వేట ఆపారు. 2024 మార్చిలో బ్రిటన్ తన ఉత్తర సముద్రపు నీళ్లలో మొత్తం నిషేధించింది. యూరోపియన్ యూనియన్ ఊరుకోలేదు. వేలెడు చేప కోసం హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా నడిచింది. 2025 మే 2న వెలువడిన తీర్పు స్కాట్లాండ్ నిషేధాన్ని సమర్థించింది. ఇంగ్లండ్ విషయంలో మాత్రం యూరప్ పడవల హక్కుల్ని సరిగా తూచలేదని తప్పుపట్టింది, అలాగని నిషేధం ఎత్తేయమనలేదు. అలా ఉండాలి పద్ధతి. కృష్ణా నీళ్లకి 1969లో ఒక ట్రిబ్యునల్, 2004లో ఇంకో ట్రిబ్యునల్ వేసుకున్నవాళ్లకి దీని అందం వెంటనే తెలుస్తుంది.

కాబట్టి పక్షులకీ ఒక ట్రిబ్యునల్ వేయాలని మా అర్జీ. నోటీసులివ్వడంలో మాత్రం చిక్కుంది. నీటికాకి చదునైన చోట కాపురం ఉంటుంది గనుక బిళ్లబంట్రోతు నడిచి వెళ్లొచ్చు. రెట్టలో తడిసి అక్షరాలు చెరిగేలోపు చదివి వినిపిస్తే చాలు. షాగ్ అంచుకి తాడేసుకుని దిగాలి. దిగి ఇచ్చినా లాభం తక్కువ: అది సముద్రపు నాచుతో పాటు దొరికిన తాడుముక్కలు, ప్లాస్టిక్ కూడా గూట్లో దోపుకునే రకం. నోటీసు అందినట్టు రుజువు కావాలంటే గుడ్లని ఒకసారి పక్కకి జరపాల్సి వస్తుంది.