ఎల్‌సాట్ 169 వస్తే సీటు ఛాన్స్ ఎంత? ఆ శాతాల వెనక అసలు లెక్క

అమెరికాలో ఉన్న మన తెలుగు ఇళ్ళల్లో ఈమధ్య లా స్కూల్ మాట బాగానే వినిపిస్తోంది, మెడిసిన్, కంప్యూటర్స్ తప్ప ఇంకో దారి లేదనుకున్న ఇళ్ళల్లో కూడా పిల్లలు జేడీ (అక్కడి మూడేళ్ళ లా డిగ్రీ) చేస్తామంటున్నారు, సంతోషమే. కానీ ఆ మాట రాగానే అమ్మానాన్నలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే, "జీపీఏ 3.8, ఎల్‌సాట్ 168, ఈ స్కూల్లో ఛాన్స్ ఎంత శాతం?" అని. జీపీఏ అంటే డిగ్రీ గ్రేడ్ల సగటు, ఎల్‌సాట్ అంటే లా స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష. ఆన్‌లైన్‌లో ఆ రెండు నంబర్లు కొడితే ఏదో ఒక శాతం వచ్చేస్తుంది, దాన్ని పట్టుకుని కొన్ని స్కూళ్ళు లిస్టులోంచి కొట్టేస్తారు, కొన్నిటి మీద ఆశలు పెట్టేసుకుంటారు. ఆ ఒక్క శాతం చూసి మూడేళ్ళ చదువు, లక్షల డాలర్ల ఖర్చు డిసైడ్ చెయ్యడం చాలా తప్పు అని నా గట్టి అభిప్రాయం, ఎందుకో చెప్తా.

మనకి ఈ అలవాటు ఎంసెట్ నుంచి వచ్చింది. ఈఏపీసెట్ అయినా లాసెట్ అయినా పోయినేడు ఫలానా కాలేజీలో లాస్ట్ ర్యాంక్ ఎంతకి క్లోజ్ అయ్యిందో చూసుకుంటే, మన కేటగిరీ, లోకల్ ఏరియా తెలిస్తే, సీటు వస్తుందా రాదా అనేది దాదాపుగా తేలిపోతుంది. అమెరికా లా స్కూళ్ళలో కటాఫ్ అనేదే లేదు. అడ్మిషన్ కమిటీ కూర్చుని ఒక్కొక్క ఫైల్ చదువుతుంది, వ్యాసాలు, రికమెండేషన్ లెటర్లు, ఉద్యోగ అనుభవం అన్నీ చూస్తుంది, కాకపోతే ఆ కమిటీ మనసులో ఎప్పుడూ రెండు నంబర్లు తిరుగుతూనే ఉంటాయి, అవే ఆ స్కూల్ ఎల్‌సాట్ మీడియన్, జీపీఏ మీడియన్. మీడియన్ అంటే చేరినవాళ్ళందరినీ నంబర్ల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ళ నంబర్.

ఈ మీడియన్ సంగతి కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. ఎల్‌సాట్ స్కోర్ 120 నుంచి 180 దాకా ఉంటుంది. అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ ఏటా డిసెంబర్‌లో 509 రిపోర్ట్ అని ఒకటి బయటపెట్టాలి, అందులో ఆ ఏడాది చేరినవాళ్ళ ఎల్‌సాట్, జీపీఏ మూడు మెట్లలో ఇస్తారు, 25, 50, 75 పర్సెంటైల్స్, అందులో 50 అంటే మీడియనే. ఒక స్కూల్ మీడియన్ 170 అనుకోండి, క్లాసులో 200 మంది అనుకోండి. అందులో కనీసం సగం మందికి 170 కానీ ఆపైన కానీ ఉంటే చాలు, మీడియన్ నిలబడుతుంది. అంటే 169 వచ్చిన అమ్మాయి, 163 వచ్చిన అబ్బాయి, ఇద్దరూ మీడియన్ లెక్కలో ఒకటే, ఇద్దరూ గీత కిందే. అలాగే 171, 177 కూడా ఒకటే. 169కీ 170కీ మధ్య ఉన్న ఆ ఒక్క పాయింటే కొండంత.

దీన్నుంచి చాలామంది ఊహించని సంగతి ఒకటి వస్తుంది. మీడియన్లు 170, 3.9 ఉన్న స్కూల్‌కి 169, 3.87 ఉన్న క్యాండిడేట్ "చాలా దగ్గర్లో ఉన్నాడు" అని మనకి అనిపిస్తుంది, కాలిక్యులేటర్లు కూడా రెండు నంబర్లనీ కలిపి కొలుస్తాయి కాబట్టి మంచి శాతమే చూపిస్తాయి. నిజానికి ఆ ఫైల్ స్కూల్‌కి ఏ మీడియన్‌లోనూ సాయం చెయ్యదు. దానికంటే 173, 3.5 ఉన్న ఫైల్ ఎల్‌సాట్ వైపు పనికొస్తుంది, 164, 3.98 ఉన్న ఫైల్ జీపీఏ వైపు పనికొస్తుంది, అలాంటివాళ్ళని ఒకరిని ఇటు ఒకరిని అటు తీసుకుంటే రెండు మీడియన్లూ సేఫ్. ఎల్‌సాట్ ఎక్కువ జీపీఏ తక్కువ ఉన్నవాళ్ళని స్ప్లిటర్ అంటారు, ఉల్టా ఉంటే రివర్స్ స్ప్లిటర్. అందుకే రెండింట్లోనూ కొంచెం కొంచెం తగ్గిన "బ్యాలెన్స్‌డ్" పిల్లలే ఎక్కువ దెబ్బ తింటారు, వాళ్ళకే ఇంట్లో ఎక్కువ ధైర్యం చెప్తుంటారు పాపం.

లా స్కూళ్ళ ర్యాంకింగ్స్‌లో ఈ నంబర్లకి వెయిటేజీ ఉంటుంది, వాటి కోసం స్కూళ్ళు ఎంత దూరం వెళ్ళాయో రికార్డుల్లోనే ఉంది. యూనివర్సిటీ ఆఫ్ ఇలినాయ్ లా స్కూల్ కొన్నేళ్ళపాటు ఎల్‌సాట్, జీపీఏ నంబర్లు పెంచి చూపించిందని 2011లో బయటపడితే, 2012లో బార్ అసోసియేషన్ అభిశంసించి 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. 2022 నవంబర్‌లో యేల్, హార్వర్డ్ లాంటివి యూఎస్ న్యూస్ ర్యాంకింగ్స్‌కి సహకరించం అన్నాక, ఆ పత్రిక ఈ రెండు నంబర్ల వెయిటేజీ బాగా తగ్గించి ఉద్యోగాలకీ, బార్ పరీక్ష (లాయర్ లైసెన్స్ పరీక్ష) పాస్ రేటుకీ పెంచింది. అయినా స్కూళ్ళ మోజు తగ్గినట్టు నాకైతే కనబడట్లేదు, టాప్ స్కూళ్ళలో మీడియన్ ఎల్‌సాట్ ఇప్పటికీ 170 పైనే, యేల్, హార్వర్డ్‌లో 174 అటూఇటూ.

ఇంకో మెలిక, 509లో ఉండేవి చేరినవాళ్ళ నంబర్లు, ఆఫర్ వచ్చినవాళ్ళవి కాదు. మంచి నంబర్లున్నవాళ్ళకి నాలుగైదు ఆఫర్లు ఉంటాయి, ఇంకా పెద్ద స్కూల్‌కి వెళ్ళిపోతారు, కాబట్టి ఆఫర్లు వచ్చినవాళ్ళ నంబర్లు మామూలుగా రిపోర్టులో కనబడేదానికంటే కాస్త పైనే ఉంటాయి. 25 పర్సెంటైల్ చూసి "పావు వంతు మంది ఇంతకంటే తక్కువతో చేరారుగా" అనుకోవడం కూడా కరెక్ట్ కాదు, వాళ్ళలో చాలామంది ఫైల్‌లో రెండో నంబర్ బలంగా ఉండొచ్చు, లేదా మిలిటరీ సర్వీసో ఏళ్ళ తరబడి చేసిన ఉద్యోగమో ఇంకేదో బలమైన కథ ఉండొచ్చు.

జీపీఏ విషయంలో మన పిల్లలకి తగిలే దెబ్బ వేరే ఉంది, దీని గురించి ముందే చెప్పేవాళ్ళు లేరనేదే నా బాధ. స్కూళ్ళు రిపోర్ట్ చేసేది యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్ మీదున్న జీపీఏ కాదు, ఎల్‌సాట్ పెట్టే ఎల్‌ఎస్‌ఏసీ అనే సంస్థ మళ్ళీ మొదట్నుంచి లెక్కగట్టినది. మొదటి డిగ్రీ వచ్చేలోపు చేసిన కాలేజీ కోర్సులన్నీ అందులోకి వస్తాయి, హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో తీసుకున్న డ్యూయల్ క్రెడిట్ క్లాసులతో సహా. పదహారేళ్ళప్పుడు సరదాగా తీసుకున్న క్లాసులో సీ గ్రేడ్ వస్తే అది ఆరేళ్ళ తర్వాత లా స్కూల్ ఫైల్‌లో కూర్చుంటుంది. ఏ ప్లస్‌కి 4.33 ఇస్తారు, ఏ ప్లస్ ఇచ్చే అలవాటే లేని యూనివర్సిటీ పిల్లలకి అది ఎప్పటికీ రాదు. కంప్యూటర్ సైన్స్‌లో 3.5, తేలికైన మేజర్‌లో 3.9 అయితే లెక్క రెంటినీ ఒకేలా చూస్తుంది, మేజర్ కష్టానికి ఎక్స్‌ట్రా మార్కులు లేవు. తర్వాత చేసిన మాస్టర్స్ గ్రేడ్లు ఆ జీపీఏలో కలవవు.

ఇక మన దగ్గర బీటెక్ చేసి, అమెరికా వచ్చి ఎంఎస్ చేసి, కొన్నేళ్ళు ఉద్యోగం చేసి, పేటెంట్ లా వైపు వెళ్దామనుకునేవాళ్ళు ఉన్నారు, పేటెంట్ పనికి ఇంజనీరింగ్ డిగ్రీ నిజంగానే పెద్ద ప్లస్. వాళ్ళు చేసే మొదటి పని జేఎన్‌టీయూ 78 శాతాన్ని 25తో భాగించి 3.12 అని రాసుకుని నీరసపడిపోవడం. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇండియా డిగ్రీకి ఎల్‌ఎస్‌ఏసీ జీపీఏ నంబరే ఇవ్వదు, మార్కుల లిస్టులు చూసి సుపీరియర్, అబవ్ యావరేజ్, యావరేజ్ అని ఒక మాట రాస్తుంది, అంతే. ఆ మాట స్కూల్ జీపీఏ మీడియన్‌లోకి వెళ్ళదు. అంటే మీ ఫైల్‌లో లెక్కలోకి వచ్చే నంబర్ ఒక్కటే, ఎల్‌సాట్, అది మీడియన్ పైన ఉంటే మీ డిగ్రీ మార్కుల వల్ల స్కూల్‌కి పోయేదేమీ లేదు. జీపీఏ అడిగే ఏ కాలిక్యులేటరూ మీకోసం తయారు చేసింది కాదు, దాని జోలికి వెళ్ళొద్దు.

కాబట్టి కష్టం పెట్టాల్సింది ఎల్‌సాట్ మీద. డిగ్రీ అయ్యాక జీపీఏ మారదు, ఎల్‌సాట్ మారుతుంది. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ తీసేశారు, ఇప్పుడు స్కోర్‌లోకి వచ్చేవి రెండు లాజికల్ రీజనింగ్ సెక్షన్లు, ఒక రీడింగ్ కాంప్రహెన్షన్, అంటే చదివి ఆలోచించే అలవాటు ఉన్నవాళ్ళకి ప్రాక్టీస్ బాగా ఫలిస్తుంది. జీవితంలో 7 సార్లు రాయొచ్చు, స్కూళ్ళు రిపోర్ట్ చేసేది అన్నిట్లోకీ ఎక్కువ వచ్చిన స్కోరునే. స్కోర్‌తో పాటు వచ్చే బ్యాండ్ (అసలు స్కోర్ ఉండగల పరిధి) చూస్తే అటూ ఇటూ సుమారు 3 పాయింట్లు ఉంటుంది, అంటే 169కీ 171కీ పెద్ద తేడా లేదని పరీక్ష పెట్టేవాళ్ళే ఒప్పుకుంటున్నట్టు, అడ్మిషన్‌లో మాత్రం ఆ తేడా చాలా పెద్దది. ఇది న్యాయం కాదు, కానీ ఇలా ఉందని తెలిసినప్పుడు 169 దగ్గర ఆగిపోకుండా అవసరమైతే ఒక ఏడాది ఆగి మళ్ళీ రాయడం తెలివైన పని. పైగా అప్లికేషన్లు సెప్టెంబర్ నుంచి వచ్చినవి వచ్చినట్టు చూస్తారు, అవే నంబర్లకి అక్టోబర్‌లో ఉన్న విలువ ఫిబ్రవరిలో ఉండకపోవచ్చు.

డబ్బు సంగతి కూడా ఈ మీడియన్లతోనే ముడిపడింది. టాప్ స్కూళ్ళలో ఒక్క ట్యూషనే ఏడాదికి 75 వేల డాలర్లు దాటింది. 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునే సిటిజన్, గ్రీన్ కార్డ్ పిల్లలకి గ్రాడ్ ప్లస్ లోన్ (పీజీ చదువులకి ప్రభుత్వం ఇచ్చే అదనపు అప్పు) ఉండదు, ఫెడరల్ లోన్ ఏడాదికి 50 వేలు, మొత్తం మీద 2 లక్షల డాలర్లే. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి అది కూడా లేదు. 168తో ఒక స్కూల్లో ఫుల్ ఫీజు కట్టి చేరేవాళ్ళు, మీడియన్ 162 ఉన్న ఇంకో స్కూల్లో ఫీజంతా మాఫీ తెచ్చుకునే అవకాశం చాలా ఉంటుంది. 509 రిపోర్ట్‌లో ఎంతమందికి సగం ఫీజు మాఫీ, ఎంతమందికి పూర్తి మాఫీ, గ్రేడ్ల షరతుతో స్కాలర్‌షిప్ ఇచ్చి ఎంతమందికి తర్వాత కట్ చేశారో కూడా ఉంటుంది, సీటు డిపాజిట్ కట్టేముందు అమ్మానాన్నలు, పిల్లలు కలిసి కూర్చుని ఆ పేజీ చదవాలి.