శివారుకి చేరని శిక్షణ

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర, ఉపాధ్యాయ శిక్షణకీ నమూనా ఇచ్చి వెళ్లాడని చాలామందికి తెలియదు. ప్రధాన కాలువ, పంట కాలువ, బోదె, ఆఖరున శివారు చేను. శిక్షణదీ అదే దారి. శిక్షణ ఇచ్చే రాష్ట్ర రిసోర్స్ పర్సన్లు జిల్లా వాళ్లకి, వాళ్లు మండలం వాళ్లకి, వాళ్లు సముద్రం గాలి తగిలే ఊళ్లో ఉన్న ఇద్దరు టీచర్ల బడికి. పైన వదిలినప్పుడు నిండుగానే ఉంటుంది. శివారుకొచ్చేసరికి వాట్సాప్‌లో ఓ పీపీటీ. నీళ్లందకపోతే రైతు లాకుల దగ్గరికెళ్లి గొడవపడతాడు. టీచరు ఫీడ్‌బ్యాక్ ఫారంలో ‘చాలా బాగుంది’ అని నొక్కుతాడు. చదువుకున్నవాడు కదా!

ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. టీచర్లు తమ ఆసక్తిని బట్టి అందులో పాల్గొనాలని కూడా అంది. గంటలు భద్రంగా వచ్చాయి. ఆసక్తి ఏ లాకు దగ్గర ఆగిందో!

మొన్నటి శిక్షణలో ఆదర్శ ఉపాధ్యాయుణ్ణి బొమ్మ గీయమన్నారు. మా గ్రూపు కొవ్వొత్తి గీసింది. పక్క గ్రూపూ కొవ్వొత్తే. మూడో గ్రూపులో కాస్త ఆలోచనాపరులున్నారు, దీపం గీశారు. లోతైన చర్చ మాత్రం మధ్యాహ్నం పనసపొట్టు కూర మీదే జరిగింది, ఆవ ఘాటు చాలిందా లేదా అని.

ఇదంతా సజావుగా సాగుతుంటే మా వైపు బడిలో ఒక అక్రమం జరిగింది. మూడో తరగతి పిల్లాడు 42లోంచి 18 తీసేసి 36 అంటున్నాడు. పక్క తరగతి మేష్టారు వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూశారు. “తప్పు వాడికి రూలులా కుదిరిపోయిందమ్మా. పైదో కిందదో చూడ్డు, పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు” అన్నారు. మర్నాడు ఆ తరగతి మేడమ్ కొబ్బరి ఈనెలు పదేసి కట్టలు కట్టి తెచ్చారు. చేతిలో ఉన్నవి రెండే, ఎనిమిది ఇవ్వాలి. పిల్లాడే ఒక కట్ట విప్పాడు. 24 వచ్చింది. మేష్టారు అంతటితో ఊరుకోలేదు, వారం తర్వాత మళ్లీ వచ్చి కూర్చున్నారు.

బ్యానర్ లేదు, గ్రూపు ఫొటో లేదు, బెరుకు పోగొట్టే ఐస్ బ్రేకర్ ఆట అసలే లేదు. ఏ కాలమ్‌లో రాయాలో తెలియక హెడ్‌మాస్టరు రిజిస్టరు మూసేశారు.

సాయంత్రం మండలం నుంచి ఫోన్. “మేడమ్, మీకింకా ఆరు గంటలు తక్కువున్నాయి. రేపు పదింటికల్లా వచ్చెయ్యండి, స్కెచ్ పెన్నులు మీరే తెచ్చుకోవాలి.”