బస్సెక్కేవాడు కట్టాలి, కారెక్కేవాడికి మాఫీ

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఆదివారం పొద్దున్నే మొదలైంది గోల. ఒకాయన ఎక్కడిదో ఫార్వర్డ్ పెట్టాడు, ఆడవాళ్లకు ఫ్రీ బస్సు పెట్టి రాష్ట్రాన్ని దివాలా తీయించారు, మనం కట్టే ట్యాక్సులన్నీ వాళ్ల షికార్లకే పోతున్నాయి అని. వెంటనే ఏడెనిమిది చప్పట్లు, రెండు దండాలు. గంట గడిచిందో లేదో అదే ఆయన ఇంకో మెసేజ్ పెట్టాడు. కొత్తగా ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం, లైఫ్ ట్యాక్స్, అదే బండి కొనేటప్పుడు కట్టే రోడ్ ట్యాక్స్, ఒక్క రూపాయి కూడా లేదండీ, ఈ ఒక్క విషయంలో మాత్రం గవర్నమెంటును మెచ్చుకోవాలి, సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టించాలి, మనందరం వేసుకున్న కార్పస్ ఫండ్‌లోంచి తీద్దాం అని.

రెండు మెసేజ్‌లూ ఆయన ఫోన్లో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆయనకేమీ తేడాగా అనిపించలేదు. గ్రూపులో ఎవరికీ అనిపించలేదు, రెండో దానికీ చప్పట్లే.

నాకు కారు లేదు. కూకట్‌పల్లి నుంచి కోఠి వైపు రోజూ సిటీ బస్సులోనే పోతాను, వస్తాను. కాబట్టి ఇది కొంచెం కడుపుమంటతో రాస్తున్నానని ముందే ఒప్పుకుంటున్నాను.

2025 అక్టోబర్ 6, సోమవారం. సిటీ బస్సుల్లో చార్జీలు పెరిగిన మొదటి రోజు. మొదటి మూడు స్టేజీల దాకా 5 రూపాయలు ఎక్కువ, నాలుగో స్టేజీ నుంచి 10. నా పక్కన నిలబడ్డాయన సెక్యూరిటీ గార్డు, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్నట్టున్నాడు, నీలం యూనిఫాం చొక్కా మీద చేతులు సాగిపోయిన స్వెటర్. కండక్టరమ్మ ఇంకా నాలుగు సీట్ల అవతల ఉండగానే పది రూపాయల బిళ్ల అరచేతిలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె వచ్చి తీసుకుని, "ఇంకో ఐదు బాబాయ్" అంది. "పదే కదమ్మా, నిన్న పదే ఇచ్చిన" అన్నాడు. "ఇయ్యాల్టి నుంచి పెరిగింది బాబాయ్, కరెంటు బస్సులొస్తున్నయ్, వాటికోసమంట." ఆయన ఆమెతో గొడవేం పెట్టుకోలేదు, ఆమె మాత్రం ఏం చేస్తుంది. పై జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన యాభై నోటు తీశాడు, ఆమె చిల్లర లేదంది, చివరికి వెనకాల కాలేజీ పిల్లాడెవరో ఐదు రూపాయలిచ్చాడు. ఆయన మొహం చూడాల్సింది. ఐదు రూపాయలు దానం తీసుకోవాల్సి వచ్చినందుకు దిగేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ నిలబడ్డాడు.

కండక్టరమ్మ చెప్పింది నిజమే. డీజిల్ బస్సులు తీసేసి 2027కల్లా సిటీలో 2,800 ఎలక్ట్రిక్ బస్సులు దింపుతామని, వాటికి కొత్త డిపోలు, చార్జింగ్ స్టేషన్లు కట్టాలని, అందుకే ఈ పెంపు అని ఆర్టీసీయే చెప్పింది. మంచి పనే, కాదనేదేముంది. సిగ్నల్ దగ్గర డీజిల్ బస్సు వెనకాల బైకు ఆపుకున్నవాడెవడైనా చేతులెత్తి దండం పెడతాడు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి నూరు శాతం మాఫీ. 2026 డిసెంబర్ 31 దాకా. ఎన్ని బండ్లకైనా సరే, లిమిట్ లేదు. బండి ధర ఎంతైనా సరే, దానికీ లిమిట్ లేదు. మామూలుగా పది లక్షలు దాటి ఇరవై లోపు పెట్రోల్ కారు కొంటే తక్కువలో తక్కువ 17 శాతం లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అంటే 18 లక్షల కారు మీద కనీసం 3 లక్షల 6 వేలు. అదే ధరకు ఎలక్ట్రిక్ కారు కొంటే ఆ మొత్తం సర్కారు వదిలేసినట్టే.

ఆ గార్డు పెద్దాయన లెక్క కూడా వేశాను, ఊరికే ఉండలేక. పోను ఐదు, రాను ఐదు, రోజుకు పది ఎక్కువ. సెక్యూరిటీ వాళ్లకు ఆదివారాలేంటి, ముప్పై రోజులూ డ్యూటీయే, కాబట్టి నెలకు 300, ఏడాదికి 3,600. మా గ్రూపు పెద్దమనిషికి ఒక్క కారు మీద వదిలేసిన పన్ను ఈయన జేబులోంచి రావాలంటే కనీసం 85 ఏళ్లు పడుతుంది. ఇద్దరి విషయంలోనూ పేరు ఒకటే, కాలుష్యం తగ్గించడం. ఒకరు ఆ పేరు చెప్పి మూడు లక్షలు మిగుల్చుకున్నారు, ఇంకొకరు అదే పేరు మీద రోజుకో పది కడుతున్నారు. కడుతున్నదేమో ఒక్క బండిలో అరవై మందితో పాటు నిలబడి వెళ్లే మనిషి, అంటే ఈ ఊళ్లో గాలి అందరికంటే తక్కువ పాడుచేస్తున్నవాడు.

పాస్ తీసుకోవచ్చు కదా అంటారు. ఆ పాసులూ 2025 జూన్‌లోనే పెరిగాయి, ఆర్డినరీ 1,150 నుంచి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,300 నుంచి 1,600. స్టూడెంట్ పాసులనూ వదల్లేదు. మెట్రో రైలు ఎక్కుదామంటే అదీ అదే ఏడాది మేలో కనిష్ఠం 10 నుంచి 12, గరిష్ఠం 60 నుంచి 75 చేసి, జనం మండిపడ్డాక పది శాతం తగ్గించి 11, 69 దగ్గర ఆపారు. ఒక్క ఏడాదిలో మెట్రో, బస్సు పాసు, బస్సు టికెట్ అన్నీ పెరిగాయి. అదే ఏడాది పొడుగునా కార్ల మాఫీ మాత్రం చెక్కుచెదరలేదు.

ఎలక్ట్రిక్ కార్లు వద్దని కాదు నేననేది. ఆ మాఫీ స్కూటీలకూ, ఆటోలకూ కూడా ఉంది, ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు పెట్రోల్ బండి మార్చి బ్యాటరీ బండి కొనుక్కుంటే పన్ను తీసేయడం నూరుపాళ్లు న్యాయం. కానీ ముప్పై లక్షల కారుకు కూడా ఎందుకు? అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఒక్క మనిషి కూర్చున్న కారు పెట్రోలుతో నడిచినా కరెంటుతో నడిచినా ఆక్రమించేది అంతే రోడ్డు, దాని వెనకాల మా బస్సు ఆగేదీ అంతే సేపు. పది లక్షల దగ్గర గీత గీసి, పైవాళ్ల దగ్గర సగం పన్నైనా తీసుకుని, ఆ డబ్బుతో డిపోల్లో చార్జింగ్ పెట్టిస్తే టికెట్ మీద ఐదు వేయాల్సిన అవసరం ఎంత వరకు ఉండేదో కనీసం ఎవరైనా లెక్కగట్టి చూడాలి కదా.

ఇక ఫ్రీ బస్సు సంగతి. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి మా బస్సులో నాకూ సీటు దొరకడం లేదు, చిరాకు నాకూ వస్తుంది, అబద్ధం ఎందుకు. కానీ పొద్దున ఆరింటికి ఆ సీట్లలో ఎవరున్నారో చూస్తున్నాను కదా. ఆస్పత్రి ఆయాలు, బట్టల షాపుల్లో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయిలు, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కునికే మేస్త్రీ కూలీలు. ఇవా షికార్లు? మా బ్లాకులో అంట్లు తోమే ఆమె ఇదివరకు నడిచి పోగలిగినంత దూరంలో రెండిళ్లే చేసేది, ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ వచ్చాక నిజాంపేట్ వైపు మూడో ఇల్లు పట్టుకుంది. ఆ ఫార్వర్డ్ పెట్టినాయన ఇంట్లో కూడా ఆమే చేస్తుంది.

నిజంగా అన్యాయమైంది ఆటోవాళ్లకు. షేరింగ్ ఆటోల గిరాకీ పడిపోయింది, ఏడాదికి 12 వేలు ఇస్తామని 2023 ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెస్ వాళ్లు రాశారు, ఆ మాట గుర్తుచేస్తూ వాళ్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఒక పేదకు ఇచ్చింది ఇంకో పేద గల్లాపెట్టెలోంచి రావడం, దాని గురించి తిట్టండి, నేనూ మీతో కలుస్తాను. సీట్ల గొడవ కూడా అంతే, కోటి దాటిన జనానికి సుమారు మూడు వేల సిటీ బస్సులతో సరిపెట్టి, ఆడామగా ఫుట్‌బోర్డు మీద తోసుకుంటుంటే తప్పు జీరో టికెట్‌దా, లేని బస్సులదా?

ఇంకో చిన్న మాట, గ్రూపులో అన్నందుకు నాతో ఇద్దరు మాట్లాడటం మానేశారు. 2021 జనవరి నుంచి హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల మంచినీళ్లు ఉచితం. మన ఫ్లాట్లకు కూడా. అప్పుడు మీటర్ పెట్టించుకోవడానికి, ఆధార్ లింక్ చేయించుకోవడానికి మన సెక్రెటరీగారు ఎంత హడావుడి పడ్డారో అందరికీ గుర్తే. ఎవరూ వద్దనలేదు, రాష్ట్రం దివాలా తీస్తుందనీ అనలేదు. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించి, ఏడాదికి లక్షా 45 వేల కోట్లు వదులుకుంటున్నామని తనే ప్రకటించినప్పుడు కూడా ఆ పదం వినబడలేదు. పెద్దోళ్లకిస్తే దాన్ని ప్రోత్సాహకం అంటారు, మనకిస్తే రిలీఫ్, పనమ్మకిస్తే మాత్రం ఫ్రీబీ. పైగా ఆమె ట్యాక్సే కట్టదట. సబ్బుబిళ్ల మీద, చెప్పుల మీద, ఫోన్ రీచార్జి మీద జీఎస్టీ ఆమె దగ్గరా, మా కారాయన దగ్గరా ఒకే రేటు తీసుకుంటారు, ఆమె జీతం తక్కువ కదా అని దుకాణంవాడు తగ్గించడు.

అదంతా గ్రూపులో రాశాను, లెక్కతో సహా. చాలాసేపు బ్లూ టిక్కులే. మధ్యాహ్నం ఎవరో గుడ్ ఆఫ్టర్‌నూన్ పువ్వు పెట్టారు. సాయంత్రం సెక్రెటరీగారు ఫోన్ చేసి, "ఎందుకండీ గ్రూపులో రాజకీయాలు" అన్నారు. రాజకీయాలు వద్దులెండి, చార్జింగ్ పాయింట్ వైరింగ్ ఖర్చు కారున్నవాళ్లు పెట్టుకుంటే చాలు, కార్పస్‌లో నా వాటా కూడా ఉంది కదా అన్నాను. వచ్చే ఆదివారం పదింటికి సెల్లార్‌లో మీటింగ్ అట. అజెండాలో మొదటిది చార్జింగ్ పాయింట్. వాచ్‌మన్ జీతం పెంచమని అడిగింది పోయిన మీటింగ్‌లో టైం లేదని వాయిదా వేశారు కదా, అది ఈసారీ చివర్లోనే ఉంది.