బంగాళాదుంప కేసు

టాస్క్‌మాస్టర్ అనే బ్రిటిష్ టీవీ కార్యక్రమాన్ని హాస్యపు ఆటల పోటీగా జమకట్టి చులకన చేసేవారు నానాటికీ ఎక్కువవుతున్నారు. 2020లో, బ్రిటన్‌లో సినిమా, టీవీ అవార్డులిచ్చే బాఫ్టా వారు సైతం దానికి హాస్య వినోద విభాగంలోనే బహుమతి ఇచ్చి ఆ అపవాదుకు అధికారముద్ర వేశారు. ఇది చాలా అన్యాయం. నాకు తెలిసినంతలో అది న్యాయపాలనకు సంబంధించిన కార్యక్రమం. కాసేపు నవ్వుకుందామని కూర్చున్నవారు తీరా అరగంట గడిచేసరికి నియమాల వ్యాఖ్యానం మీద ఇంట్లోవాళ్లతో గొంతు పెంచే స్థితికి చేరుకుంటారు కాబట్టి, ఇంతవరకు చూడనివారిని ముందుగా హెచ్చరించడం నా విధి అనుకుంటున్నాను.

తెలుగు ప్రేక్షకులకు ‘టాస్క్’ అనగానే బిగ్‌బాస్ ఇల్లు, అందులోని ఏడుపులు గుర్తుకొస్తాయి. ఇక్కడా ఒక ఇల్లుంది. అయితే అది పశ్చిమ లండన్‌లోని చిజిక్‌లో ఉన్న చిన్న ఇల్లు. అందులో ఎవరూ కాపురం ఉండరు, ఎవరినీ ఎవరూ గెంటరు. ఐదుగురు కమెడియన్లను ఒక్కొక్కరుగా అక్కడికి రప్పించి, లక్కముద్ర వేసిన ఉత్తరం చేతికిస్తారు. ముద్ర చించి అందులో ఉన్నది పైకి చదవాలి, చదివినట్టు చేయాలి. సందేహాలు అడిగితే సమాచారమంతా ఆ కాగితం మీదే ఉందన్న జవాబు తప్ప మరొకటి రాదు. ఎన్నో ఆఫీసుల కౌంటర్ల ముందు నిలబడి వచ్చిన మనకు ఆ జవాబు కొత్తది కాదు గానీ, అక్కడ కాగితం మీద సమాచారం నిజంగానే ఉంటుంది.

తర్వాత ఎప్పుడో స్టూడియోలో ఆ వీడియోలు వేసి తీర్పు చెబుతారు. న్యాయాసనం మీద కూర్చునేది గ్రెగ్ డేవిస్. ఆరడుగుల ఎనిమిదంగుళాల మనిషి, పూర్వాశ్రమంలో బడిపంతులు. పేపర్లు దిద్దిన చేతి అలవాటు ఇంకా పోలేదు. పక్కన చిన్న కుర్చీలో, మార్కుల లెక్క చూసుకుంటూ, అవమానాలను దిగమింగుకుంటూ కూర్చునే అలెక్స్ హార్న్ ఈ మొత్తం తతంగానికి సృష్టికర్త. తాను పెట్టిన దుకాణంలో తానే గుమాస్తాగా చేరిన ఇలాంటి యజమాని మరొకడుంటే చూపించండి. మొదటి స్థానానికి ఐదు మార్కులు, అక్కడి నుంచి దిగుడే. గ్రెగ్ ఇచ్చే మార్కులకు తర్కం ఉండితీరాలన్న నిబంధన ఎక్కడా లేదు. అప్పీలు చేసుకోవడానికి పై కోర్టూ లేదు.

ఇంతటి వ్యవస్థకు పునాది ఏమిటయ్యా అంటే, అసూయ. 2009లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో కళల ఉత్సవంలో తన మిత్రుడు టిమ్ కీ కామెడీ అవార్డు ఎగరేసుకుపోతే ఓర్వలేక, తోటి కమెడియన్లకు పనులు అప్పగించి మార్కులు వేసే ఆటను అలెక్స్ మరుసటి ఏడాది అదే ఉత్సవంలో ప్రదర్శించాడు. 2015లో డేవ్ ఛానల్‌లో మొదటి సిరీస్ మొదలైనప్పుడు ఆ టిమ్ కీనే పోటీదారుగా తెచ్చి కూర్చోబెట్టాడు. మన ఊళ్లలో అసూయ గట్టు తగాదాల దగ్గరే ఆగిపోతోంది గదా అని దిగులుపడేవారు ఈ సంగతి గమనించాలి.

బహుమతి విషయంలో కూడా వీరి పొదుపు మెచ్చదగ్గది. కోట్లు, కార్లు లేవు. పోటీదారులే తమ ఇళ్ల నుంచి తలా ఒక వస్తువు తెస్తారు, ఆ వారం గెలిచినవారు ఐదింటినీ పట్టుకుపోతారు. సిరీస్ మొత్తం గెలిస్తే దక్కేది గ్రెగ్ తలకాయ ఆకారంలో బంగారు రంగు బొమ్మ. దీనికోసం పెద్దమనుషులు ఎంతకు తెగిస్తారో తెలియాలంటే మొదటి సిరీస్ చూడాలి. నిమిషంలో వీలైనంత పుచ్చకాయ తినమంటే, ఒకప్పుడు లెక్కల మాస్టారుగా పనిచేసిన రొమేష్ రంగనాథన్ కత్తి కోసం వెతక్కుండా కాయను ఎత్తి నేలకేసి కొట్టాడు. ఇరవై పౌండ్లలో గ్రెగ్‌కు కానుక తెమ్మంటే జాష్ విడికోంబ్ తన పాదం మీద ‘గ్రెగ్’ అని శాశ్వతంగా పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. అదే జాష్‌కు డబ్బాలోని చిక్కుడు గింజలు లెక్కపెట్టే పని అప్పగిస్తే బుద్ధిగా కూర్చుని లెక్కపెట్టాడు; ఆ పని తన ఒక్కడికే ఇచ్చారని స్టూడియోకు వచ్చాక గానీ తెలియలేదు. ఆ సిరీస్ గెలిచింది అతనే కాబట్టి, భక్తి వృథా పోదని చెప్పుకోవచ్చు.

సిఫారసు చేసేవారిలో కొందరు ఏడో సిరీస్‌తో మొదలెట్టమంటారు. తనకు పడ్డ ప్రతి మార్కునూ వ్యక్తిగత ద్రోహంగా భావించే జేమ్స్ ఎకాస్టర్ అందులో ఉన్నాడు కనుక వారి మాట కొట్టిపారేయలేను. అయినా క్రమశిక్షణ అన్నది ఒకటుంది. మొదటి సిరీస్ ఆరు ఎపిసోడ్లే. అది ముగించి రెండోదానికి వెళ్లండి. తునకలు తునకలుగా చూడటం మాత్రం విస్తరిలో అప్పడాలు ఏరుకుని లేచిపోవడం లాంటిది, ఐదుగురి మధ్య పెరిగే పంతాలు అందులో కనబడవు.

రెండో సిరీస్‌లోనే బంగాళాదుంప కేసు ఉంది. దుంపను గోల్ఫ్ గుంటలో వేయాలి, గుంట చుట్టూ పరిచిన ఎర్ర పట్టీని తాకకూడదు, తక్కువ సమయంలో వేసినవారు గెలిచినట్టు. జో విల్కిన్సన్ ఉత్తరం చదివి, దుంప అందుకుని, ఒక్క విసురు విసిరాడు. అది నేరుగా గుంటలో పడింది. పడిందని అతనికే నమ్మకం కుదరలేదు. అంతటి ఘనకార్యాన్ని స్టూడియోలో వీడియో ఆపి పరిశీలిస్తే, విసిరేటప్పుడు కాలి కొస ఎర్ర పట్టీ అంచు మీద ఉన్నట్టు తేలింది. ఆ విసురు చెల్లదని తీర్పు వచ్చింది.

ఇందులో ఏముంది, ఎవరికి ఎన్ని లక్షలొస్తాయి అని మొదటి ఎపిసోడ్ పొడవునా అడిగిన మా బావమరిది, ఈ తీర్పు విన్న తర్వాత రిమోట్ నా చేతిలోంచి లాక్కుని, ఆ విసురును నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. అన్నం చల్లారిపోతోందని లోపలి నుంచి రెండు కేకలు వినబడ్డాయి. టీవీ దగ్గరకు జరిగి, కాలి కొస ఉన్నచోట వేలు పెట్టి, “అది అంచు బావా, పట్టీ కాదు. అంచును తాకకూడదని కాగితం మీద ఎక్కడుంది?” అన్నాడు. ఉత్తరం చదివిన చోటికి మళ్లీ వెనక్కి తిప్పాం.